ఇంట్లో చేసిన సైలెన్సర్, ఆటోనగర్‌లో దాని నోరు మూయించిన భాయ్

విజయవాడ ఆటోనగర్‌లో నా బుల్లెట్ సైలెన్సర్ బాగుచేసిన భాయ్‌కి రేటింగ్ అడిగితే ఐదుకి నాలుగు ఇస్తా. ఆ పోయిన ఒక్క స్టారు ఎందుకో కూడా చెప్తా, కానీ ముందు ఆ సైలెన్సర్ ఎక్కడ పుట్టిందో చెప్పాలి, లేకపోతే భాయ్ చేసిన పని విలువ తెలీదు.

బండి 2004 మోడల్ బుల్లెట్ స్టాండర్డ్ 350, పాత కాస్ట్ ఐరన్ ఇంజను, నాన్నది. లాక్‌డౌన్ టైంలో దాని సైలెన్సర్ లోపల్నుంచి తుప్పుపట్టి అడుగున బొక్క పడింది. షాపులన్నీ మూత, నేనూ మా బావా ఇంట్లో ఖాళీ, బావ దగ్గరేమో చిన్న వెల్డింగ్ మిషనుంది. ఇంకేం కావాలి. మూల పడున్న కేజీ ఫైర్ సిలిండర్ (ఆ ఎర్రది, ఆఫీసుల్లో గోడకి తగిలిస్తారే) పూర్తిగా ఖాళీ చేసి, రెండువైపులా కోసి, మధ్యలోంచి ఒకటిన్నర అంగుళం నీళ్ల పైపు దూర్చి, దానికి డ్రిల్లుతో ఎక్కడ తోస్తే అక్కడ చిల్లులు పెట్టి, వెల్డింగ్ కొట్టి బండికి తగిలించేశాం. మొదటి కిక్కుకి ఎదురింటి డాబా మీద పావురాలు ఒక్కటి మిగల్లేదు. మేమిద్దరం చేతులు కలుపుకున్నాం, అంత గర్వం మరి.

ఆ రాత్రి బావకి చలిజ్వరం. నోట్లో ఇనుము నాకినట్టు ఉందన్నాడు. ఇంకేముంది కరోనా వచ్చేసిందని అక్క ఏడుపు, విడి గదిలో పెట్టి కషాయాలు, గుమ్మం దగ్గర కంచం పెట్టి పరిగెత్తడాలు. మూడో రోజు పొద్దున ఏమీ ఎరగనట్టు లేచి మూడు పెసరట్లు తిన్నాడు. ఆ జ్వరం సంగతి నాకు నాలుగేళ్ల తర్వాత ఆటోనగర్‌లో తెలిసింది.

ఆ నాలుగేళ్లూ ఆ పైపుతోనే తిరిగా. అమ్మ అయితే దాన్ని టైంటేబుల్ కింద వాడుకుంది, గుణదల మలుపులో సౌండ్ వినపడగానే కంచంలో అన్నం పెట్టేసేది, నేను ఇంట్లో అడుగుపెట్టేసరికి పప్పు పోసి ఉండేది. ఒకసారి చెకింగులో ఆపి, ఇంకోసారి కనపడితే ఊడపీకి రోడ్ రోలర్ కింద వేయిస్తాం అన్నారు. వైజాగ్‌లో, హైదరాబాద్‌లో పట్టుకున్న సైలెన్సర్లని నిజంగానే అలా తొక్కించారు కాబట్టి అది ఉత్త బెదిరింపు అనుకోలేదు. మోటారు వాహనాల చట్టం 190(2) కింద రాస్తే 10,000 దాకా ఫైను, మూడు నెలలు లైసెన్స్ కూడా పోతుంది. అయినా మార్చలేదు. మార్చింది ఎవరంటే చెల్లెలి కూతురు, 21 రోజుల పిల్ల. చెల్లి పురుటికొచ్చింది, నేను బండి ఎప్పుడు తీసినా లోపల పిల్ల రెండు చేతులూ గాల్లోకి విసిరి ఉలిక్కిపడేది, ఆపైన గంట ఏడుపు. ఇక చేసేదేం లేక సందు మొదట్లోనే ఇంజను ఆపేసి నూట అరవై పైచిలుకు కేజీల బండిని మే నెల ఎండలో ఇంటిదాకా తోసుకుంటూ రావడం మొదలెట్టా. ఐదో రోజుకి జ్ఞానోదయం అయింది.

ముందు ఇంటికి దగ్గర్లో ఒక షాపుకెళ్లా, పేరొద్దులెండి. ఆయన పది నిమిషాల్లో తేల్చేశాడు, గిన్నెలు తోముకునే స్టీల్ పీచు నాలుగు ఉండలు లోపల కుక్కి, పైపు చివర వేలు పట్టేంత బొక్కున్న వాషర్ ఒకటి బోల్టుతో బిగించి, డీబీ కిల్లర్ (సౌండ్ తగ్గించే అడ్డు) అన్నాడు, 600 తీసుకున్నాడు. సౌండ్ తగ్గిన మాట నిజమే, దాంతోపాటు బండి ప్రాణం కూడా తగ్గింది. యాభై దాటితే లాగదు, ఇంజను కుంపటిలా కాగిపోతోంది, ఫ్లైఓవర్ ఎక్కాలంటే మూడో గేరు. వారం తిరక్కుండానే ఒక రాత్రి బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ మీద యాక్సిలరేటర్ తిప్పగానే వాషరూ పీచూ కలిసి వెనక నుంచి దీపావళి చిచ్చుబుడ్డిలా నిప్పులు కక్కుతూ ఎగిరిపోయాయి. వెనకాల ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

అప్పుడు ఒక లారీ మెకానిక్ చెప్తే ఆటోనగర్‌లో ఈ భాయ్ దగ్గరికెళ్లా. బోర్డు లేదు, రేకుల షెడ్డు, బయట పాత బుల్లెట్ సైలెన్సర్లు చెరుకుగడల్లా గోడకి ఆనించి ఉంటాయి, షార్ట్ బాటిలూ ఇందోరీ డాల్ఫినూ లాంటి మోత మోడళ్లు అన్నీ, జనం మోజుతో వేయించుకుని చలానా పడ్డాక ఇక్కడే విప్పించి వదిలేసిపోయినవి. అరవై దాటిన మనిషి, ఎడమ చెవి సరిగా వినపడదు. సైలెన్సర్ పనిచేసేవాడికి చెవుడేంటని నాకు కొంచెం అనుమానం వచ్చింది కూడా.

నచ్చిందేంటంటే ఆయన వెంటనే కటింగ్ మిషను తీయలేదు. బండి స్టార్ట్ చేయమని, పైపు చివర జానెడు దూరంలో అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు, డాక్టరు నాడి చూసినట్టు. తర్వాత తడిగుడ్డ మడతపెట్టి పైపు మూతి ఒక్క క్షణం మూశాడు. అంతే, ముందు ఇంజను హెడ్డు దగ్గర బెండ్ పైపు కలిసేచోట బుస్సుమని గాలి. అక్కడ నల్లటి మసి చార కూడా ఉంది, నాలుగేళ్లుగా రోజూ చూస్తున్నా, ఆయిలేమో అనుకున్నా. "యాక్సిలరేటర్ వదిలినప్పుడు పటపటా పేలుద్ది కదా?" అన్నాడు. అవును భాయ్ అన్నా. బయటి గాలి ఆ సందులోంచి లోపలికి పోయి కాలని పెట్రోల్‌తో కలిసి పైపులో అంటుకుంటుందట. నేనేమో ఆ పేలుళ్లని రేసింగ్ సౌండ్ అనుకుని ఫ్రెండ్స్‌కి వినిపించేవాణ్ణి.

తర్వాత మా కళాఖండాన్ని విప్పి కిందపెట్టి, గోరుతో పైపు గీకి నవ్వాడు. "ఇది నీళ్ల పైపు కదా బాబూ, జింకు పూత ఉంటది. వెల్డింగ్ చేస్తే తెల్లపొగ లేస్తది. పీల్చినోడికి ఆ రాత్రి చలిజ్వరం రాలా?" అన్నాడు. నేను అక్కడికక్కడే బావకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టా. "మరి ఆ కషాయాలన్నీ?" అన్నాడు బావ. మీలో ఎవరైనా ఇంట్లో ఇలాంటి ప్రయోగం చేస్తుంటే దయచేసి గాల్వనైజ్డ్ పైపు జోలికి పోకండి, మామూలు ఇనుప పైపు ఇదే సైజులో దొరుకుతుంది.

సౌండ్ గురించి ఆయన చెప్పింది నేను యూట్యూబులో గంటలు గంటలు చూసినా ఎక్కలేదు, ఆయన టీ తాగేలోపు ఎక్కింది. సౌండ్ రెండు రకాలంట. చెవిలో గుచ్చుకునే టప్ టప్ ఒకటి, గుండెల మీద కొట్టే దబ్ దబ్ ఒకటి. "మొదటిదాన్ని దూది పీల్చుకుంటది. రెండోదానికి దూది లెక్కలేదు, దానికి గదులు కట్టాలి" అన్నాడు. దూది అంటే గ్లాస్ వుల్. ఇంటికొచ్చి లెక్కేస్తే కరెక్టే, ఫోర్ స్ట్రోక్ సింగిల్ సిలిండర్ 3000 ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర సెకనుకి 25 సార్లే కొడుతుంది, అంత లావు సౌండ్ అల పొడవు మామూలు గాలిలోనే పదమూడు మీటర్ల పైన ఉంటుంది, రెండు వేళ్ల మందం దూది దాన్నేం ఆపుతుంది, సముద్రానికి దోమతెర కట్టినట్టే.

ఇంకోటి, చోటు. ఇంజను సీసీకి కనీసం పదింతలన్నా సైలెన్సర్ లోపల ఖాళీ ఉండాలన్నాడు. మాది 346 సీసీ, అంటే మూడున్నర లీటర్లు. మా ఫైర్ సిలిండర్ మూడుంబావు అంగుళాల లావు పది అంగుళాల పొడవు, లీటరున్నర కూడా రాదు. మొదటి షాపాయన ఆ ఉన్న కాస్త చోటులోనే పీచు కుక్కాడు.

భాయ్ పద్దెనిమిది గేజి రేకుతో కొత్త డబ్బా చుట్టాడు, నాలుగున్నర అంగుళాల లావు, పదహారు అంగుళాల పొడవు, నాలుగు లీటర్ల చిల్లర. లోపల రెండు అడ్డుప్లేట్లు, మూడు గదులు, మూడూ మూడు సైజులు. ఒకే కొలత పెడితే ఒక గది వదిలేసిన సౌండునే పక్క గదీ వదిలేస్తదట. పొగ ముందు గదిలోకొచ్చి, మధ్య గదిలోకి పోయి, వెనక్కి మళ్లి, అప్పుడు చివరి గదిలో చిల్లుల పైపులోంచి బయటికి. దూది ఆ చివరి గదిలో మాత్రమే. ఆ పైపుకి 4 మిల్లీమీటర్ల బిట్టుతో 120 చిల్లులు పెట్టించాడు, మార్కింగ్ ఆయనది, డ్రిల్లింగ్ సగం నాది, కుర్రాడు రాలేదని నన్ను కూర్చోబెట్టేశాడు. చిల్లులన్నీ కలిపితే పైపు మూతి కంటే ఎక్కువ వైశాల్యం రావాలి, లేదంటే ఇంజనుకి ఊపిరాడదు. మూతి లోపలి కొలత 35 మిల్లీమీటర్లు, లెక్కేస్తే ఒకటిన్నర రెట్లు వచ్చింది. ఆయన ఏ లెక్కా వేయలేదు, వేళ్లతో కొలిచి చెప్పాడంతే.

గ్లాస్ వుల్ డైరెక్టుగా చుడితే పొగ వేగానికి ముక్కలు ముక్కలుగా ఎగిరిపోద్దని ముందు పైపు మీద సన్న స్టీల్ వుల్ ఒక వరస చుట్టి, దానిమీద దూది వేసి, వెనక మూతని వెల్డింగ్ కాకుండా రివిట్లు కొట్టాడు, మళ్లీ విప్పి దూది మార్చుకోవడానికి. నేను అత్యుత్సాహంతో చేతులకేమీ లేకుండా దూది అందించా. మూడు రోజులు మోచేతుల దాకా దురద, కొబ్బరినూనె రాసినా పోలేదు. మా ఎర్ర సిలిండర్ గుర్తుగా ఏదైనా ఉంచు భాయ్ అంటే దాని గుండ్రటి నెత్తిని కోసి వెనక మూత మధ్యలో గిన్నెలా అతికించాడు, ఇప్పటికీ గీకితే ఎరుపు కనపడుతుంది.

హెడ్డు దగ్గర గాలి పోతున్న సందుకి కొత్త గ్యాస్కెట్ వేశాడు. ఫ్రీ పైపుకని నేను అప్పట్లో కార్బురేటర్‌లో పెట్రోల్ వదిలే మెయిన్ జెట్ పెద్దది వేయించుకున్నా, ప్లగ్ విప్పి చూపించాడు, పెట్రోల్ ఎక్కువై బొగ్గులా ఉంది. పాత జెట్ ఇంట్లోనే డబ్బాలో ఉంటే తెచ్చి వేశాం, వారం తర్వాత ప్లగ్ బిస్కెట్ రంగులో ఉంది, అంటే సరిగా కాలుతోందన్నమాట.

ఫోన్ యాప్‌తో పైపుకి అర మీటరు దూరంలో పక్కగా పెట్టి కొలిచా. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తిప్పకుండా, ముందు 92 డెసిబెల్స్, ఇప్పుడు 79. సగం యాక్సిలరేటర్‌లో 108 ఉండేది 94కి వచ్చింది. ఫోన్ మైకుని అంత నమ్మలేం, కానీ అదే ఫోను అదే చోటు కాబట్టి తేడా వరకూ నమ్మొచ్చు. ఒకటి గుర్తుపెట్టుకోండి, 175 సీసీ దాటిన బైకులకి 80 డెసిబెల్స్ లిమిట్ అని రూల్స్‌లో ఉన్నది తయారీ టెస్టులో బండి ఏడున్నర మీటర్ల దూరం నుంచి వెళ్తున్నప్పటి కొలత, పైపు పక్కన ఫోను పెట్టి 79 వచ్చింది నేను పాస్ అనుకోవడానికి లేదు. భాయ్ కూడా దాచలేదు, "కంపెనీ సైలెన్సర్ కొనుక్కుంటే ఏ గొడవా లేదు బాబూ, ఇది నీ సరదా" అని పని ఒప్పుకోకముందే చెప్పాడు. తన గిరాకీ తనే పోగొట్టుకునే మాట చెప్పినందుకే ఒక స్టారు.

నడక మాత్రం బాగుంది. డెబ్బై, డెబ్బై ఐదు అవలీలగా పోతోంది, వదిలితే పేలుళ్లు లేవు, దబ్ దబ్ ఉంది కానీ గోడవతల ఎవరో నెమ్మదిగా దంచుతున్నట్టు ఉంది.

ఇక పోయిన స్టారు. రెండు రోజులన్నాడు, తొమ్మిది రోజులు. వెళ్లినప్పుడల్లా "సాయంత్రం వచ్చేయ్" అంటాడు, ఏ సాయంత్రమో చెప్పడు. వెల్డింగ్ గట్టిదే కానీ చూడ్డానికి చీమలపుట్ట పేర్చినట్టుంది. హీట్ పెయింట్ సిల్వర్ కొట్టాడు, మొదటి అరగంట కాలిన వాసన, పొగ, సిగ్నల్ దగ్గర పక్కనాయన బండి అంటుకుందేమో అన్నాడు. అన్నిటికంటే చిరాకు, డబ్బా లావవడంతో వెనక చక్రం యాక్సిల్ నట్టుకి స్పానర్ పట్టదు, పంచరైతే ముందు సైలెన్సర్ విప్పాలి. ఆ మాట చెప్తే "పంచర్ పడకుండా చూసుకో" అన్నాడు.

మొత్తం 3,400 అయింది, రేకు, దూది, గ్యాస్కెట్ కలిపి. వెళ్లేవాళ్లు పొద్దున పది లోపు వెళ్లండి, బండి చల్లగా ఉంటే అప్పుడే చెయ్యి పెడతాడు, శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి మూస్తాడు. అడుగున మూడు మిల్లీమీటర్ల బొక్క ఒకటి పెట్టించుకోవడం మర్చిపోవద్దు, చల్లారాక లోపల చేరే నీళ్లు దాంట్లోంచి కారాలి, పాతది కుళ్లింది అలా కారకపోవడం వల్లే. నాకు పెట్టాడు, పొద్దున స్టార్ట్ చేస్తే నాలుగైదు చుక్కలు వరండాలో పడుతున్నాయి, నల్లటివి, అమ్మ ముగ్గేసిన చోటే. రెండ్రోజుల నుంచి నేను ఎప్పుడొచ్చేదీ తెలియడం లేదని అన్నం కూడా పెట్టి ఉంచట్లేదు, ఈ మరకల కోపం కూడా అందులో కలిసుంటుంది.