యానాం ముద్ర ఉందని ఎగబడకండి

స్టాంపులు సేకరించేవాళ్లకి, అందులోనూ మన గోదావరి జిల్లాల వాళ్లకి చెబుతున్నాను. ఆన్‌లైన్ వేలంలో 'యానాం పోస్టాఫీసు ముద్ర ఉన్న ఫ్రెంచి ఇండియా కవరు' అని కనిపిస్తే చెయ్యి కాస్త వెనక్కి పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు. 6,200 రూపాయలు పోయాయి. డబ్బు సంగతి అలా ఉంచితే, పాతికేళ్లుగా స్టాంపులు చూస్తున్నవాణ్ణి, చిన్నపిల్లాడిలా పడిపోయాను. అదే ఎక్కువ బాధ.

మాది అమలాపురం. యానాం మాకు పరాయి ఊరు కాదు. ఇప్పుడైతే ఎదుర్లంక వంతెన దాటితే అక్కడే ఉంటాం. నా చిన్నప్పుడు పంటు మీద దాటేవాళ్లం. 1954 దాకా అది ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది కాబట్టి అక్కడ ఉత్తరాల మీద అతికించినవి ఫ్రెంచి ఇండియా స్టాంపులు. ఆ స్టాంపులు నిజానికి అంత ఖరీదైనవేం కావు. మామూలు రకాలు పదులకీ వందలకీ దొరుకుతాయి. విలువంతా ముద్రలో ఉంటుంది. పాండిచ్చేరి ముద్ర సులువుగా దొరుకుతుంది. చిన్న ఊరైన యానాం నుంచి వెళ్లిన ఉత్తరాలే తక్కువ, వాటిలో మిగిలినవి ఇంకా తక్కువ. దొంగ చేసే పని కూడా ఇక్కడే ఉంది. స్టాంపును నకిలీ చేయడు. చవగ్గా దొరికే అసలు స్టాంపు తెచ్చి, దాని మీద 'యానావోఁ' (యానాంకి ఫ్రెంచివాళ్లు పెట్టుకున్న పేరు) అన్న ముద్ర దింపుతాడు. మీరు స్టాంపును ఎంత పరీక్షించినా అది అసలుదే అని తేలుతుంది. అక్కడితో మనసు ఊరుకుంటుంది.

నన్ను పడగొట్టింది కవరు కాదు, దానితో వచ్చిన కథ. '1931, కల్యాణపురం రోజుల నాటి పెళ్లి ఉత్తరం, యానాం నుంచి రాజమండ్రికి' అని అమ్మకందారు పెట్టాడు. తెలియని వాళ్ల కోసం చెబుతాను. 1929లో శారదా చట్టం వచ్చాక, బ్రిటిషు వైపు కుదరని బాల్యవివాహాలు చేసుకోడానికి జనం యానాం వచ్చేవారు. అందుకే ఆ ఊరికి కల్యాణపురం అని పేరొచ్చింది. మా తాతమ్మ పెళ్లి అక్కడే జరిగిందని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఇక చూడండి, నాకు కళ్లు మూసుకుపోయాయి. అతను ఇంకో ముక్క కూడా కలిపాడు. ఆ కవరు ఉన్న ట్రంకుపెట్టె 1996 నవంబరు తుపానులో నీళ్లలో తేలి బయటపడిందట.

వేలం 500 దగ్గర మొదలైంది. చివరి గంటలో నేనూ ఇంకొకరూ పోటీ పడ్డాం. నేను వంద పెంచితే అతను రెండొందలు పెంచేవాడు. 6,200 దగ్గర నేను ఆగాను, 6,400కి అతను పాడుకున్నాడు. ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదంటే నమ్మండి. తెల్లారి అమ్మకందారు నుంచి మెసేజ్ వచ్చింది. 'గెలిచినాయన డబ్బు కట్టలేదండీ, మీరు పాడిన రేటుకే మీకు ఇచ్చేస్తాను. సైటు కమీషన్ ఎందుకు దండగ, నేరుగా యూపీఐ చేసేయండి, పోస్టు ఖర్చు నాది.' నా అదృష్టం పండిందనుకున్నాను. రెండు నిమిషాల్లో డబ్బు పంపాను.

ఆ పోటీదారు చరిత్ర తర్వాత తీరిగ్గా చూశాను. ఒక్క వస్తువు కూడా కొన్న దాఖలా లేదు. బిడ్లు మాత్రం చాలా ఉన్నాయి, అన్నీ ఈ ఒక్క అమ్మకందారు వస్తువుల మీదే. అర్థమైందిగా? ఇద్దరూ ఒకటే, లేదా ఇద్దరూ స్నేహితులు. రేటు ఎక్కించడానికి ఒకడు, ఎక్కిన రేటు దగ్గర మనల్ని పట్టుకోడానికి ఇంకొకడు. ఆ అమ్మకందారుకి 'చాలా మంచివారు, త్వరగా పంపారు' అని బోలెడు మెప్పులు ఉన్నాయి. తెరిచి చూస్తే అన్నీ ముప్ఫై, యాభై రూపాయల వాడిన స్టాంపుల ప్యాకెట్లకి వచ్చినవే. పేరు అక్కడ సంపాదించి, దాన్ని ఇక్కడ ఖర్చు పెడతారన్నమాట.

కవరు వారానికి వచ్చింది. చాలా శుభ్రంగా, లేత గోధుమ రంగులో, అచ్చం పాత సినిమాలో చూపించే ఉత్తరంలా ఉంది. మా నాన్నగారి స్నేహితుడు, రిటైరైన పోస్టుమాస్టరుగారు మా వీధిలోనే ఉంటారు. గొప్పగా చూపిద్దామని పట్టుకెళ్లాను. ఆయన స్టాంపు వైపు చూడనేలేదు. కవరు పైకెత్తి వెలుతురులో అటూ ఇటూ తిప్పారు.

'ఇది ఎన్నాళ్లు ఎక్కడుందన్నాడ్రా అబ్బాయ్?'

'తొంభై ఏళ్లండి, యానాం దగ్గరే ఒకరింట్లో.'

'తొంభై ఏళ్లు మన గాలి పీల్చిన కాగితం ఇలా ఉంటుందా?'

లోపలికెళ్లి వాళ్ల నాన్నగారి ఉత్తరాల కట్ట తెచ్చారు. ఒక్కో కాగితం మీద గోధుమ రంగు మచ్చలు, అంచుల దగ్గర పురుగు కొట్టిన కన్నాలు, ఒకదానికొకటి అతుక్కుపోయిన కవర్లు. మనది కాలవల మధ్య దేశం. వర్షాకాలంలో ఉప్పు డబ్బాలో ఉప్పే నీరవుతుంది. వెనక జిగురున్న స్టాంపులు మూడు వానాకాలాలు చూసుకోకపోతే ఆల్బమ్ పేజీకి అతుక్కుపోతాయని సేకరించే ప్రతివాడికీ తెలుసు. అలాంటిది తుపానులో తేలిన పెట్టెలోంచి వచ్చిన కవరు మీద నీటి చార లేదు, స్టాంపు ఊడలేదు, ఒక్క మచ్చ లేదు. ఇన్నేళ్లుగా తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు కొంటున్న నాకు ఈ అనుమానం ఎందుకు రాలేదో!

తర్వాత ఇద్దరం కూర్చుని పోస్టుమార్టం చేశాం. ఒక్కొక్కటీ చెబుతాను, మీకు పనికొస్తుంది.

కవరు రంగు బయట ఎలా ఉందో లోపలా అలాగే ఉంది. ఏళ్లు గడిచి వచ్చే రంగు వెలుతురూ గాలీ తగిలే అంచుల దగ్గర ముదురుగా, మడతల లోపల లేతగా ఉంటుంది. అన్ని చోట్లా ఒకేలా ఉంటే అది టీ డికాక్షన్ పని. దొంగనోట్లు చూసుకునే చిన్న యూవీ టార్చ్ ఒకటి కొనుక్కోండి, కిరాణా కొట్టువాళ్ల దగ్గర కూడా ఉంటుంది. చీకట్లో వేస్తే నా కవరు నీలంగా, తళతళా మెరిసింది. కాగితానికి తెల్లదనం కోసం కలిపే ఆ రసాయనాల వాడకం రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే మొదలైంది. 1931 కాగితం అలా మెరవకూడదు.

అడ్రసు బాల్‌పెన్నుతో రాసి ఉంది. వెనక వేలితో తడిమితే గీతలు తగిలాయి. బాల్‌పెన్ను బజారులోకి వచ్చిందే 1940లలో. 1931లో సిరా కలమే ఉండాలి, ఆ సిరా కాగితంలోకి కొంచెం పాకాలి.

ముద్రను భూతద్దం కింద పెడితే నలుపులో ఎరుపు, పసుపు, నీలం చుక్కలు కనిపించాయి. అది ఇంట్లోని ప్రింటరు నలుపు. ముద్ర కొట్టే సుత్తికీ సిరాకీ చుక్కలు రావు, గుద్దిన చోట అంచు కాస్త చిందుతుంది. ఇంకొకటి, స్టాంపు మూలలో వేరే పాత ముద్ర తాలూకు చిన్న వంపు ఉంది. ఆ వంపు కవరు మీదికి సాగలేదు. అంటే వేరే ఎక్కడో వాడి ఊడదీసిన స్టాంపు తెచ్చి ఇక్కడ అంటించాడు.

అన్నిటికంటే సిగ్గుపడాల్సింది స్టాంపు మీద విలువ. ఫ్రెంచి ఇండియా స్టాంపుల విలువ మొదట్లో సెంటీమ్‌లలో, ఫ్రాంకుల్లో ఉండేది. 1923 నుంచి లెక్క మారింది. 24 కాష్‌లు ఒక ఫానం, 8 ఫానాలు ఒక రూపీ. పాత స్టాంపుల మీద కొత్త విలువ అచ్చుగుద్దారు, తర్వాత కొత్త స్టాంపులే వేశారు. నా కవరు మీద ఉన్నది కొత్త విలువ అచ్చుగుద్దని పాత సెంటీమ్‌ల స్టాంపు. తేదీ 1931. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసీ చూడలేదు.

వెనకవైపు ఫోటో అడిగితే 'వెనక ఖాళీయే సార్' అన్నాడు వేలం రోజున. ఉత్తరం చేరిన ఊరి పోస్టాఫీసు ముద్ర సాధారణంగా వెనకే పడుతుంది. యానాం నుంచి బ్రిటిషు ఇండియాలోని రాజమండ్రికి వెళ్లిన ఉత్తరం వెనక ఖాళీగా ఉందంటే అక్కడే ఆగిపోవాలి.

స్టాంపుల్లో మోసం ఇవాళ్టిది కాదు లెండి. జెనీవాలో ఫూర్నియే అనే ఆయన వందేళ్ల కిందటే ఫ్రెంచి కాలనీల స్టాంపులు సహా ప్రపంచంలోని రకరకాల స్టాంపులకి నకళ్లు తయారుచేశాడు. కానీ ఆయన నకలు అని చెప్పి నకలు రేటుకే అమ్మాడు. మనవాడికి ఆ మాత్రం మర్యాద కూడా లేదు.

అతనికి ఫోన్ చేస్తే 'వాపసు లేదని రాశాను కదా సార్' అన్నాడు, మర్నాటికి నా నంబరు బ్లాక్ చేశాడు. సైటువాళ్లేమో 'మీరు బయట డబ్బు కట్టారు, మా రక్షణ మీకు వర్తించదు' అన్నారు. నిజమే, తప్పు నాదే. కమీషన్ మిగులుతుందని నేరుగా కట్టడం వల్ల ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, కానీ అప్పటికి పన్నెండు రోజులైంది. డబ్బు వెళ్లిన గంటల్లోనే చేస్తే ఆ ఖాతాలో ఆపించే అవకాశం ఉంటుందట. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చెప్పాను. ఫిర్యాదు నంబరు ఇచ్చారు, ఇంకా ఏమీ తేలలేదు.

గాంధీ 10 రూపాయల స్టాంపు గురించి కూడా ఒక మాట. 1948 ఆగస్టు 15న వచ్చిన నాలుగు గాంధీ స్టాంపుల్లో అది పెద్ద విలువది, స్విట్జర్లాండులో అచ్చయింది, నకిలీలు కుప్పలు. దాని అంచు పళ్ల కొలత (రెండు సెంటీమీటర్ల పొడవులో ఎన్ని పళ్లన్న లెక్క) 11½. అమ్మేవాణ్ణి స్టాంపును పెర్ఫరేషన్ గేజి (ఆ పళ్లు కొలిచే పట్టీ) మీద పెట్టి ఫోటో తీసి పంపమనండి. కొలత సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు, సరిపోకపోతే మాత్రం మాట్లాడాల్సిన పనే లేదు. ఖరీదైనది ఏదైనా గుర్తింపు ఉన్న నిపుణుల కమిటీ సర్టిఫికెట్ లేకుండా కొనకండి. నా కవరుతో కూడా ఒక 'సర్టిఫికెట్' వచ్చింది. రంగుల అంచు, బంగారు సీలు, సంతకం అన్నీ ఉన్నాయి. సంతకం అమ్మినవాడిదే.

కవరు వెనక పెన్సిలుతో 'నకిలీ' అని రాసి ఉంచాను, నా తర్వాత ఎవరైనా అసలుదనుకుని అమ్మకుండా. ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం వేరే ఉంది. నిన్న రాత్రి అదే సైటులో కొత్త పేరుతో ఇంకో యానాం కవరు పెట్టారు. ఈసారి 1934, కాకినాడకి. అడ్రసులో 'గారికి' అన్న మాటలో గుడి తోక కిందికి దిగి చుట్టుకుంది, నా కవరు మీద ఉన్నట్టే. పొద్దున చూసేసరికి 3,100 దగ్గరుంది, ఇద్దరు పోటీ పడుతున్నారు. వేలం ఆదివారం రాత్రి తొమ్మిదికి ముగుస్తుంది. ఆ ఇద్దరిలో ఒకరు మీరైతే, ముందు వెనకవైపు ఫోటో అడగండి.