"నల్ల హెన్నా" పొడి కొనేముందు ఒక్క నిమిషం: నా నెత్తి మీద జరిగింది చెబుతున్నా

వైజాగ్‌లో రింగుల జుట్టుతో తంటాలు పడుతున్నవాళ్లకి, అందులోనూ తెల్ల వెంట్రుకలు మొదలై "డై ఎందుకులే, గోరింటాకైతే జుట్టుకి బలం కూడా" అనుకునేవాళ్లకి ఈ పోస్టు. ఎగ్జిబిషన్ స్టాళ్లలో, సంతల్లో "బ్లాక్ హెన్నా" అని అమ్మే పొడిని వెనక రాసింది చదవకుండా కొనకండి. నేను చదవలేదు. ముఖం వాచి, కళ్లు మూసుకుపోయి, మూడు వారాలు ఇంట్లోంచి బయటికి రాలేదు.

నాది పుట్టుకతో ఉంగరాల జుట్టు. ఈ ఊరి ఉక్కకి, సముద్రపు గాలికి అది ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఇంట్లో నున్నగా జడ వేసుకుని బయల్దేరినా, జగదాంబ దగ్గర బస్సు దిగేసరికి నెత్తి మీద గొడుగు విచ్చుకుంటుంది. బళ్లో పిచ్చుక గూడు అని పిలిచేవారు. పదేళ్లుగా నెలకోసారి గోరింటాకు పెడుతున్నా. భీమిలిలో మా అమ్మమ్మ పెరట్లో చెట్టు ఉన్నన్నాళ్లూ ఆకు దూసి ఎండబెట్టి పొడి చేసుకునేవాళ్లం. ఆవిడ పోయాక ఆ ఇల్లూ లేదు, చెట్టూ లేదు. అప్పట్నుంచి ప్యాకెట్ల మీదే బతుకు.

గోరింటాకుతో ఒక్కటే చికాకు. నల్ల వెంట్రుక మీద ఎండలో మాత్రమే ఎర్రగా మెరుస్తుంది గానీ, తెల్ల వెంట్రుక మీద అచ్చం నారింజ రంగు. చెంపల దగ్గర నాకు బాగా నెరిసింది. ఆఫీసులో కుర్రాళ్లు "మేడమ్, నిప్పంటుకుంది" అని నవ్వేవారు. అలా ఉన్నప్పుడే సంక్రాంతికి ముందు ఎగ్జిబిషన్‌లో ఆ స్టాల్ కనిపించింది. పేరు రాయను. బల్ల మీద పచ్చటి పొడి రాశులు పోసి, పక్కనే ఎండిన గోరింట కొమ్మలు పెట్టాడు. "సోజత్ నుంచి నేరుగా తెస్తున్నామమ్మా, కెమికల్ లేదు, అమ్మోనియా లేదు, ఇరవై నిమిషాల్లో నలుపు" అన్నాడు. రాజస్థాన్‌లో పాలీ జిల్లా సోజత్ గోరింటాకుకి పేరున్న ఊరే, 2021లో ఆ మెహందీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పేరు వినగానే నమ్మేశాను. వంద గ్రాములు 280 రూపాయలు. ఫోన్‌లో కొట్టి, రెండు ప్యాకెట్లు సంచిలో వేసుకున్నా. బిల్లు అడగలేదు.

అక్కడే నా బుర్ర పనిచెయ్యాల్సింది. పదేళ్లు గోరింటాకు పెట్టినదాన్ని, ఇరవై నిమిషాల్లో నలుపు ఎలా వస్తుందని ఒక్కసారైనా అడగొద్దూ? ఆకులో ఉండే రంగు లాసోన్. అది వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రోటీన్‌ని పట్టుకుంటుంది, నారింజ ఎరుపు తప్ప ఇంకో రంగు ఇవ్వదు. నానబెట్టాలి, రెండు మూడు గంటలు ఉంచాలి, కడిగాక ఒకటి రెండు రోజులకి గానీ రంగు ముదరదు. చేతికి పెట్టుకున్నప్పుడు చూస్తాంగా, రాత్రి నారింజ, మర్నాటికి ఎరుపు. నల్ల గోరింటాకు అనే చెట్టు ఈ భూమ్మీద లేదు. నలుపు వచ్చిందంటే అందులో ఇంకేదో కలిసినట్టే. ఇదంతా ఆషాఢంలో చేతులు పండించుకునే ఏ ఆడపిల్లకైనా తెలిసిన సంగతే. తెలిసీ పెట్టుకున్నాను.

శనివారం సాయంత్రం కలిపాను. నీళ్లు పొయ్యగానే పేస్టు పైపైన నల్లబడిపోయింది. ఎండుగడ్డి వాసన రావాల్సింది, ఏదో మందు వాసన. మంచి సరుకు కాబోలు అనుకున్నా, చూడండి నా తెలివి! నలభై నిమిషాలు ఉంచి కడిగితే, నిజం చెప్పాలంటే, జుట్టు బ్రహ్మాండంగా ఉంది. కాటుక నలుపు. మా అమ్మాయి ఫోటోలు కూడా తీసింది.

ఆదివారం సాయంత్రానికి చెవుల వెనక దురద. ఎండకి చెమటకాయలు అనుకున్నా, జనవరిలో! సోమవారం పొద్దున్న లేచేసరికి నుదురు ఉబ్బి కనురెప్పల మీదకి దిగింది. ఎడమ కన్ను తెరుచుకోలేదు. పాపిట పొడవునా నీరు కారుతోంది, దిండు గలీబు తలకి అంటుకుపోయింది. గుమ్మంలో పూలమ్మే మామ్మ నన్ను చూసి "ఓలమ్మా, ఏటమ్మా ఇలగైపోనావు? తేనెటీగలు గానీ కుట్టీసాయేటి?" అని బుట్ట కింద పెట్టేసింది.

చర్మం డాక్టరమ్మ చూడగానే అడిగిన మొదటి ప్రశ్న జుట్టు గురించి కాదు. "చేతికి ఎప్పుడైనా నల్ల కోన్ పెట్టుకున్నారా?" అంది. నాకు వెంటనే గుర్తు రాలేదు. తర్వాత వెలిగింది. ఆరేళ్ల కిందట మా పిన్ని కూతురి పెళ్లిలో, గాజువాకలో, మెహందీ పెట్టడానికి వచ్చిన అమ్మాయి "అక్కా, ఫోటోల్లో బాగా పడుతుంది" అని గీతల అంచులు నల్ల కోన్‌తో దిద్దింది. నాలుగో రోజుకి ఆ గీతలన్నీ కుట్టుపని చేసినట్టు పైకి ఉబ్బి దురద పెట్టాయి. కొబ్బరినూనె రాసి మర్చిపోయాను. నేను మర్చిపోయాను గానీ నా ఒళ్లు మర్చిపోలేదు.

డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తున్నా. ఆ కోన్‌లోనూ, ఈ పొడిలోనూ ఉన్నది ఒకటే మందు. పారాఫినైలీన్‌డయమీన్, అందరూ పీపీడీ అంటారు. మామూలు హెయిర్ డైలలో ఉండేదే. మొదటిసారి ఎక్కువ మోతాదులో నేరుగా చర్మానికి తగిలితే ఒళ్లు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకోవచ్చు. ఆ తర్వాత ఎన్నేళ్లకి తగిలినా విరుచుకుపడుతుంది, అదీ వెంటనే కాదు, ఒకటి నుంచి మూడు రోజుల్లో. ఒకసారి వచ్చిందంటే మామూలుగా జీవితాంతం పోదట. ముదురు రంగు బట్టల అద్దకాలు కొన్ని, తిమ్మిరెక్కించే బెంజోకైన్ లాంటి ఆయింట్‌మెంట్లు కూడా ఇలాంటివాళ్లకి పడకపోవచ్చు, జాగ్రత్తగా ఉండమంది. వాపు తగ్గాక వీపు మీద ప్యాచ్ టెస్ట్ చేశారు. 48 గంటలు అతికించి ఉంచి, తీశాక మళ్లీ ఇంకోసారి చూశారు. పీపీడీ పెట్టినచోట మాత్రం ఎర్రగా పొంగింది. అసలు గోరింటాకు పెట్టినచోట ఏమీ లేదు.

అందుకే పెళ్లిళ్లలో చిన్నపిల్లల చేతులకి నల్ల కోన్‌తో బొమ్మలు వేయించే తల్లులకి దండం పెట్టి చెబుతున్నా, వద్దు. ఇప్పుడు ఏమీ కాకపోవచ్చు. ఆ పిల్ల ముప్పై అయిదేళ్లకి మొదటి డై పెట్టుకున్న రోజున తెలుస్తుంది. పసిపిల్లల కాళ్లకీ చేతులకీ అసలైన గోరింటాకు పెట్టడం కూడా మానమంది డాక్టరమ్మ. జీ-సిక్స్-పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లలకి దానివల్ల ఎర్ర రక్తకణాలు విరిగిపోయి కామెర్లు రావచ్చట. ఇది మా అమ్మమ్మ వింటే నన్నే తిట్టేది.

కళ్లు తెరుచుకున్నాక ప్యాకెట్ తీశాను. ముందువైపు నెమలి బొమ్మ, గోరింటాకు రెమ్మ, "నూటికి నూరు శాతం సహజం". వెనక ధర స్టిక్కర్ గోకితే దాని కింద చీమతలంత ఇంగ్లీషు అక్షరాలు. ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేసి చదివితే హెన్నా, పారాఫినైలీన్‌డయమీన్, బేరియం పెరాక్సైడ్. గోరింటాకు ఉంది, నిజమే, వాడు పూర్తిగా అబద్ధం ఆడలేదు. నల్లబరిచేది మాత్రం ఆ మిగతా రెండూ. "అమ్మోనియా లేదు" అన్నదీ నిజమే. అమ్మోనియా లేకపోతే పీపీడీ లేనట్టు కాదు, అదొకటి ఇదొకటి. ఈ మందున్న డైల మీద ముందుగా చర్మం మీద పరీక్షించుకోవాలనీ, కనుబొమలకీ రెప్పలకీ వాడితే చూపు పోవచ్చనీ హెచ్చరిక ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ వెయ్యాలని మన చట్టంలో ఉంది. దీని మీద తెలుగులో ఉన్నది ఆ "సహజం" ఒక్కటే. తయారీ లైసెన్స్ నంబర్ లేదు, బ్యాచ్ నంబర్ లేదు.

స్టాల్ వాడికి ఫోన్ చేశాను. "వెయ్యి మందికి అమ్మాను తల్లీ, మీ ఒంటి తత్వం అలాంటిది" అన్నాడు. మర్నాటి నుంచి ఫోన్ స్విచాఫ్. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పి ఫిర్యాదు నమోదు చేయించా. బిల్లు లేకపోయినా ఫోన్‌లో డబ్బు కట్టిన వివరం, ప్యాకెట్, డాక్టర్ చీటీ దాచమన్నారు. సౌందర్య సాధనాలు కూడా ఔషధ నియంత్రణ శాఖ కిందకే వస్తాయి కాబట్టి వాళ్లకీ ఒక కాగితం ఇచ్చాను. ఇంకా ఏమీ తేలలేదు.

ఇక గోరింటాకు మీద ఆశ వదలనివాళ్లకి నేను ఇప్పుడు చేస్తున్నది. ప్యాకెట్ వెనక లాసోనియా ఇనెర్మిస్ (గోరింటాకు శాస్త్రీయ నామం) ఒక్కటే రాసి ఉండాలి. కాటుక నలుపు, బర్గండీ అని పది రంగుల పేర్లుంటే అది హెన్నా పేరుతో డై. ఇంటికి తెచ్చాక తెల్లగిన్నెలో చెంచాడు కలిపి చూడండి. గడ్డి వాసన రావాలి, కాసేపటికి పైన గోధుమ రంగు తిరగాలి. నిమిషాల్లో నల్లబడితే పారెయ్యండి. మరీ చిలకపచ్చగా మెరిసే పొడిని కూడా నేను నమ్మను, పాత పొడికి పచ్చరంగు కలిపి అమ్మడం ఉన్నదే. దువ్వెనలో ఊడిన వెంట్రుకల మీద ముందు పెట్టి చూడండి. ఆ తర్వాత మోచేతి మడతలో రూపాయి బిళ్లంత రాసి రెండు రోజులు ఆగండి. ఇదివరకు నల్ల కోన్‌తోనో డైతోనో దురద వచ్చినవాళ్లు మాత్రం ఈ పరీక్ష ఇంట్లో చెయ్యకండి, డాక్టర్ దగ్గరే.

నలుపే కావాలంటే గోరింటాకు కడిగేశాక నీలి ఆకు పొడి విడిగా కలిపి పెట్టాలి. అదీ రెండో పూట పని, అది కూడా కల్తీ అవుతుంది, ఇవే పరీక్షలు దానికీ. బలం సంగతి కూడా ఉన్నదున్నట్టు చెబుతా. గోరింటాకు వెంట్రుకని పట్టుకుని ఉంటుంది కాబట్టి చేతికి లావుగా తగులుతుంది, అంతే. కుదుళ్లకి ఏమీ చెయ్యదు, ఊడేది ఊడుతూనే ఉంటుంది. పైగా రింగుల జుట్టు అసలే పొడి. మాడు మీది నూనె ఆ మెలికలన్నీ దాటి కొసల దాకా చేరదు. నెలనెలా కొసల దాకా పట్టిస్తే ఇంకా ఎండిపోతుంది, రింగులు కూడా సాగుతాయి. నాకు అయిదారేళ్లకి సగం రింగులు అలాగే పోయాయి. ఉసిరిపొడి కలిపి, కొత్తగా పెరిగిన కుదుళ్ల వరకే పెడితే నయం.

నాకు మాత్రం ఇంకో ఆరు నెలలు నెత్తికి ఏమీ పెట్టొద్దంది డాక్టరమ్మ. ఇప్పుడు పాపిట దగ్గర వేలెడు తెలుపు, దాని కింద ఆ ఎగ్జిబిషన్ నలుపు, కొసల్లో పాత ఎరుపు. పార్లర్‌లో కత్తిరించమంటే ఆ అమ్మాయి నా తల చూసి, ఇది ఏ రంగక్కా అని అడిగింది. నెమలి బొమ్మ ప్యాకెట్ రెండోది విప్పకుండా నా దగ్గరే ఉంది. మీలో ఎవరైనా అదే కొని ఉంటే కింద చెప్పండి, 1915లో నా ఫిర్యాదు పక్కన మీదీ పెడదాం.