పాత కన్వర్టిబుల్: అసలు రూపమా, హాట్‌రాడ్డా?

తిరుపతిలో ఏ షెడ్డులోనో మూలనపడిన స్టాండర్డ్ హెరాల్డ్ కన్వర్టిబుల్‌ను (పైకప్పు మడిచే పాత కారును) అసలు రూపానికి తేవాలంటే ఓపిక కావాలి. విడిభాగాల కోసం చెన్నై పుదుప్పేట చుట్టూ తిరగాలి. హాట్‌రాడ్‌కు, అంటే పాత బండికి పెద్ద ఇంజిన్ బిగించి వేగం పెంచిన కారుకు, డబ్బు కావాలి: 948 సీసీ ఇంజిన్ తీసి పెద్దది బిగిస్తే గేర్‌బాక్సు, బ్రేకులు, రేడియేటరు కూడా మార్చక తప్పదు, గట్టి పైకప్పు లేని బండి కనుక చాసిస్‌కు (అడుగు చట్రానికి) అదనపు బలమూ చేర్చాలి. కారు లోపలి మ్యాట్ ఎత్తి కింది రేకును స్క్రూడ్రైవరుతో తట్టినప్పుడు తుప్పు పెచ్చులుగా రాలిందా, ఏ దారికైనా ముందు వెల్డింగే.

అసలు చిక్కు రిజిస్ట్రేషన్‌తోనే. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మారని బండికే రూ.20,000 రుసుముతో వింటేజ్ (పాతకాలపు) బండ్లకిచ్చే ‘వీఏ’ నంబరు వస్తుంది. దానితోనూ రోజూ తిరగరాదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ వెళ్లవచ్చు. హాట్‌రాడ్‌కైతే, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనే అడ్డు.

పత్రాలూ పాత ఇంజినూ ఉన్నవారికి మొదటిదే మేలు. ఉత్త డొక్కు మిగిలి, సొంత స్థలంలోనే నడుపుకొనేవారికి రెండోది.