షుగర్ పడిపోయినప్పుడు ఏది మేలు: ఇరానీ చాయా, గ్లూకోజ్ పొడా?

గ్యాస్ట్రిక్ బైపాస్ (బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసి చిన్నపేగుకి కలిపే ఆపరేషన్) చేయించుకుని ఏడాది దాటిన వాళ్ళలో కొందరికి తిన్న గంట నుంచి మూడు గంటల్లోపు ఉన్నట్టుండి చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి. ఇది ఆకలి నీరసం కాదు, తిన్నందుకే వచ్చేది. తిండి గబగబా చిన్నపేగులోకి జారిపోవడంతో షుగర్ ఒక్కసారిగా పెరుగుతుంది. దానికి ఇన్సులిన్ అవసరానికి మించి ఊరి, షుగర్‌ని 70 mg/dL కిందికి లాగేస్తుంది.

అలాంటప్పుడు హైదరాబాద్‌లో ముందుగా చేతికందేది ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. కానీ బిస్కెట్‌లోని కొవ్వు, చిక్కటి పాలు కలిసి చక్కెరను నిదానంగా ఒంట్లోకి వదులుతాయి. చాక్లెట్‌దీ అదే కథ. చెరకు రసం తొందరగానే పనిచేస్తుంది. కాకపోతే పెద్ద గ్లాసు నిండా తాగితే ఇన్సులిన్ మళ్ళీ ఎగబడుతుంది, కాసేపటికి మళ్ళీ వణుకు.

నా ఓటు గ్లూకోజ్ పొడికే. 15 గ్రాములు అరగ్లాసు నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాలాగి మీటర్‌లో చూసుకోవాలి. ఇంకా 70 కిందే ఉంటే మరోసారి. రుచులు కలిపిన ప్యాకెట్లలో పంచదార కూడా ఉండొచ్చు, వెనక రాసింది చదివి కొనండి. అకార్బోస్ మాత్ర వేసుకునే వాళ్ళకైతే అసలు వేరే దారే లేదు. ఆ మందు పంచదారను పేగులో విరగనివ్వదు కాబట్టి చాయ్, చెరకు రసం వేళకు అక్కరకు రావు.

షుగర్ పైకొచ్చాక గుప్పెడు వేరుశనగలో, ఉడికించిన గుడ్డో తినాలి. చాలామంది వదిలేసేది ఇదే, కాసేపటికి మళ్ళీ పడిపోయేదీ అందుకే.

వేలికి సూది గుచ్చే మీటరా, చేతికి అతికించే సెన్సరా? సెన్సర్ అలారం కొట్టి లేపుతుంది, రాత్రిళ్ళు అది వరమే. కానీ అది కొన్ని నిమిషాలు వెనకబడి చూపిస్తుంది, దానిమీద ఒత్తిగిలి పడుకుంటే షుగర్ పడిపోకపోయినా పడిపోయినట్టు చూపిస్తుంది. అనుమానమొస్తే వేలే గుచ్చుకోవాలి.

పొద్దున టిఫిన్ దగ్గరే జాగ్రత్తపడితే ఈ టెన్షన్ సగం తగ్గుతుంది. నాలుగు ఇడ్లీలకన్నా ఉప్మా పెట్టని ఒక పెసరట్టు నయం. ముందు గుడ్డో పనీరో తిని, తర్వాత అట్టు నెమ్మదిగా నమిలి తినాలి. నీళ్ళు అరగంట తర్వాతే.

షుగర్ మందులు ఇంకా వాడుతున్న వాళ్ళు డోసు సంగతి డాక్టర్‌తో మాట్లాడాలి. మనిషి స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలని ఆఫీసులో పక్క సీటు వాళ్ళకి ముందే చెప్పి ఉంచండి.