ఆన్‌బోర్డ్ ఆడియోనా, విడి సౌండ్ కార్డా: లినక్స్‌లో ఏళ్లపాటు వాడాక

లినక్స్ డెస్క్‌టాప్‌లో మూడూ వాడాను: మదర్‌బోర్డుతో వచ్చిన ఆడియో, పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో పెట్టే సౌండ్ కార్డు, బయట బల్ల మీద ఉండే యూఎస్‌బీ డాక్ (DAC, అంటే డిజిటల్ శబ్దాన్ని అనలాగ్‌గా మార్చే పరికరం). ఇప్పుడు వాడుతున్నవి మొదటిదీ చివరిదీ. కార్డు తీసి డబ్బాలో పెట్టాను. అది పాడవలేదు, దానితో పని లేకుండా పోయిందంతే.

ఆన్‌బోర్డ్ అనగానే చాలామంది పెదవి విరుస్తారు. కానీ 2004లో ఇంటెల్ హెచ్‌డీ ఆడియో ప్రమాణం వచ్చాక దాదాపు అన్ని బోర్డులూ అదే దారి పట్టాయి. కెర్నెల్‌లో, అంటే లినక్స్ గుండెకాయలో, వాటన్నిటినీ చూసుకునే డ్రైవర్ ఒకటే. అందుకే ఇన్‌స్టాల్ చేసిన వెంటనే పాట వినిపిస్తుంది. ఈమధ్య కొన్ని బోర్డుల్లో కోడెక్‌ను (శబ్దం పని చూసే చిప్‌ను) లోపలే యూఎస్‌బీ ద్వారా కలుపుతున్నారు. మీది అలాంటిదైతే పాత డిస్ట్రోతో (లినక్స్ కూర్పుతో) తంటాలు తప్పకపోవచ్చు. ల్యాప్‌టాప్‌ల గొడవ వేరు, దాని జోలికి పోను.

నన్ను విసిగించినవి రెండు. మొదటిది, పాట మొదలవగానే టప్పుమని చప్పుడు. కాసేపు పని లేకపోతే డ్రైవర్ కోడెక్‌ను నిద్రపుచ్చుతుంది, లేపినప్పుడు ఆ చప్పుడొస్తుంది. పవర్ సేవ్ విలువను 0 చేశాక పోయింది. రెండోది మొండిది: గ్రాఫిక్స్ కార్డు మీద భారం పడితే హెడ్‌ఫోన్‌లో సన్నటి కీచుధ్వని. కేసు ముందున్న జాక్‌లో ఇది ఎక్కువ, ఎందుకంటే దాని తీగ కేసంతా చుట్టుకుని వస్తుంది. వెనక పచ్చ జాక్‌కి మార్చితే బాగా తగ్గింది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు కనుక కార్డు కొనేముందు చేయండి. ఆల్సామిక్సర్‌లో (టెర్మినల్‌లో నడిచే వాల్యూమ్ ప్రోగ్రాం) ఆటో మ్యూట్ కూడా చూడండి, హెడ్‌ఫోన్ గుచ్చితే స్పీకర్లను ఆపేసే సెట్టింగ్ అది. స్పీకర్లు చచ్చిపోయాయనుకునే సందర్భాల్లో చాలావాటికి కారణం అదే.

ఇక కార్డు. పెట్టె మీద గొప్పగా రాసిన సరౌండ్, ఈక్వలైజర్, మైకు శుద్ధి అన్నీ విండోస్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. లినక్స్‌లో నాకు దక్కింది ఛానెళ్లు, వాల్యూమ్, అంతే. సస్పెండ్ నుంచి లేచాక ఒక్కోసారి డ్రైవర్‌ను తీసి మళ్లీ ఎక్కించాల్సి వచ్చేది. కార్డులన్నీ ఇలాగే ఉంటాయనను. ఏసస్ జోనార్‌లో చాలావాటికి కెర్నెల్‌లో ఎప్పట్నుంచో డ్రైవర్లున్నాయి. అందుకే కార్డు పేరు కన్నా దాని మీది చిప్ పేరు చూసి కొనాలి. ఒకప్పుడు ఆడిజీ లాంటి కార్డులు నాలుగైదు ప్రోగ్రాముల శబ్దాన్ని హార్డ్‌వేర్‌లోనే కలిపేవి, ఆ రోజుల్లో అది వరం. ఇప్పుడు ఆ పని పైప్‌వైర్ అనే లినక్స్ సౌండ్ సాఫ్ట్‌వేర్ చేస్తోంది. పైగా కార్డు కూడా ఉండేది ఆ గ్రాఫిక్స్ కార్డు పొరుగునే, ఆ కేసులోనే!

యూఎస్‌బీ డాక్‌తో ఈ బాధలు తీరాయి. ఆడియో క్లాస్ ప్రమాణాన్ని పాటించే పరికరమైతే డ్రైవర్ వెతుక్కోనక్కర్లేదు, గుచ్చితే చాలు. అనలాగ్ భాగమంతా కేసు బయటికి వచ్చేస్తుంది. ఒక్క మెలిక: విడిగా కరెంటుకు తగిలించే స్పీకర్లకు కలిపితే గ్రౌండ్ లూప్ (రెండు పరికరాల ఎర్త్‌లు కలిసి వలయంగా మారడం) వల్ల గుయ్‌మనే మోత రావచ్చు. అక్కడ ఆప్టికల్ తీగే మేలు, అందులో విద్యుత్ ప్రవహించదు కాబట్టి.

పైప్‌వైర్ మామూలుగా 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులో (సెకనుకు 48 వేల నమూనాలు) నడుస్తుంది, సీడీ పాటలేమో 44.1. అనుమతించే రేట్ల జాబితాలో రెండూ చేరిస్తే మార్పిడి లేకుండా పోతుంది. నేను చేర్చాను. వినడానికి తేడా ఏమైనా ఉందా అంటే, నా చెవికి లేదు.

సంగీతం వినడానికీ, ఆటలకూ, సినిమాలకూ ఆన్‌బోర్డ్ సరిపోతుంది. డబ్బు పెట్టాల్సింది రికార్డింగ్‌కి. ఆన్‌బోర్డ్ మైకు ఇన్‌పుట్‌లో బూస్ట్ పెంచితే మాటతోపాటు బుసా పెరుగుతుంది, ఏ సెట్టింగూ దాన్ని పూర్తిగా పోగొట్టలేకపోయింది. ఆ పనికి మాత్రం ప్రీయాంప్ (మైకు సిగ్నల్‌ను పెంచే భాగం) ఉన్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేసే కొనండి. డైరెక్ట్ మానిటరింగ్ మీట ఉన్నదైతే మన గొంతు మనకు ఆలస్యం లేకుండా వినిపిస్తుంది, లేటెన్సీ (ఆ ఆలస్యం) తగ్గించడానికి పైప్‌వైర్ బఫర్లతో కుస్తీ పట్టే పనుండదు.