పాయింట్లు తీసేసిన అంబాసిడర్: ఎలక్ట్రానిక్ మాడ్యూల్‌తో నాలుగేళ్లు

నా అంబాసిడర్‌లోని 1489 సి.సి. ఇంజిన్‌కు బోరింగ్ చేయించి, ఓవర్‌సైజు పిస్టన్లు వేయించి, హెడ్‌ను కొంత చెక్కించి, ఒకటిన్నర అంగుళాల ఎస్.యు. కార్బురేటర్లు రెండు బిగించాను. 1955లో వచ్చిన ఎం.జి.ఏ. స్పోర్ట్స్ కారులోనూ ఇదే 1489 సి.సి. ఇంజిన్‌కు జంట ఎస్.యు.లే ఉండేవి కనుక ఇందులో నా తెలివేమీ లేదు. స్పార్క్ ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో, స్పార్క్ పుట్టించడానికి కాయిల్ కరెంటును తెంచే పాయింట్లనూ, వాటి తోడు కండెన్సరునూ తీసేసి, అదే పని చేస్తూ ఆ మూత కిందే ఇమిడిపోయే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టించి నాలుగేళ్లయింది.

దానిమీద నాకు మమకారం కలగడానికి కారణం ఐడ్లింగ్, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ నడిచే తీరు. తిరిగే క్యామ్‌ను రాసుకునే పాయింట్ల మడమ అరిగేకొద్దీ పాయింట్ల మధ్య 0.015 అంగుళం గ్యాప్ తగ్గి టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, వెనకబడేది. నేనేమో ఆ తప్పును కార్బురేటర్ల మీదకు నెట్టి, నెల తిరగకుండా వాటి స్క్రూలు తిప్పుతూ ఉండేవాణ్ణి. మాడ్యూల్ వచ్చాక ఆ స్క్రూల జోలికి పోలేదు. ఇక బోనెట్ ఎత్తనక్కర్లేదని మిత్రులకు చెప్పిన మాట మాత్రం కొంచెం తొందరపాటే. హెడ్ చెక్కించిన ఇంజిన్‌కు వేగాన్ని బట్టి టైమింగ్ ఎంత ముందుకు జరగాలో నిర్ణయించే డిస్ట్రిబ్యూటర్‌లోని పాత స్ప్రింగులు నప్పక, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ టకటకా కొట్టుకునే నాకింగ్ మాడ్యూల్‌తో పోలేదు, స్ప్రింగులు మార్చాకే పోయింది.

రెండేళ్ల కిందట మే నెలలో విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తుండగా, సూర్యాపేట దాటాక, దగ్గూ తుమ్మూ లేకుండా, ఎవరో తాళం తిప్పేసినట్టు ఇంజిన్ ఆగిపోయింది. అరగంట వేపచెట్టు నీడలో ఉంచితే స్టార్టయి, నాలుగు కిలోమీటర్లు నడిచి మళ్లీ ఆగింది. మూడోసారి ఇక ఉలకలేదు. స్పార్క్‌కు కావలసిన హై వోల్టేజి ఇచ్చే కాయిల్ మీద, ఆ వేడికి, చెయ్యి ఆనించలేకపోయాను. బండి మీద వచ్చిన మెకానిక్ మూత తీసి చూసి, "సార్, పాత పాయింట్ సెట్టు ఏమన్నా ఉందా?" అన్నాడు. పారేయడానికి బద్ధకించిన సెట్టు అదృష్టవశాత్తూ డిక్కీలోనే ఉంది. గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్ లేకపోవడంతో ఆయన తన జేబులోని శుభలేఖ అంచు చింపి, దాని మందాన్నే గ్యాప్‌గా పెట్టి, ఇరవై నిమిషాల్లో బండిని కదిలించాడు.

ఇల్లు చేరాక విప్పి చూస్తే ఆ పాయింట్ల ముఖాలు మాడి నీలంగా మారి ఉన్నాయి. అప్పుడుగానీ అనుమానం కాయిల్ మీదకు మళ్లలేదు. మూడు నెలల ముందు ఒక దుకాణదారు స్పోర్ట్స్ కాయిల్ అంటూ అంటగట్టిన దానికి మల్టీమీటర్ పెడితే 1.5 ఓమ్‌లు చూపింది. అది కరెంటును అదుపులో ఉంచే బ్యాలస్ట్ రెసిస్టర్‌తో వాడవలసిన రకం, నా వైరింగులో ఆ రెసిస్టర్ లేదు. 12 వోల్టుల లెక్కన 3 ఓమ్‌ల కాయిల్ 4 ఆంపియర్లు లాగితే, ఇది 8 లాగుతుంది. కాయిల్ 3 ఓమ్‌లకు తగ్గకూడదని మాడ్యూల్ పెట్టెలోని కాగితంలో రాసే ఉంది, చదవనిది నేనే.

మళ్లీ అదే రకం మాడ్యూలే కొని, 3 ఓమ్‌ల కాయిల్‌తో, రెసిస్టెన్స్ ఉన్న ప్లగ్గు వైర్లతో వాడుతున్నాను, ఇప్పటిదాకా మొరాయించలేదు. అయితే నాది ఎక్కువగా ఆదివారాల్లో నగరంలోనే తిరిగే కారు, ఆగిపోతే ఆటోలో ఇంటికి పోగలను. రోజూ దూరాలు తిరిగే కారైతే, ఇంజిన్‌లో మార్పులేవీ లేకపోతే, పాయింట్లతోనే సర్దుకునేవాణ్ణేమో. నా డిక్కీలో మాత్రం గ్యాప్ ముందే చూసుకున్న పాయింట్ల ప్లేటు, కండెన్సరు, ఫీలర్ గేజ్ పాత పంచె ముక్కలో చుట్టి ఉన్నాయి.