ఈఎక్స్‌సీపీనా, బీసామా? మెయిన్‌ఫ్రేమ్ ఐఓకి ఏది మేలు

జెడ్‌ఓఎస్‌లో (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్) అసెంబ్లర్ రాసేవాళ్లు తిప్పి తిప్పి అడిగేది ఒకటే: "ఈఎక్స్‌సీపీలోకి దిగితే ప్రోగ్రాం స్పీడవుతుందా?" అవ్వొచ్చు, కానీ ఆ స్పీడు చాలామంది అనుకునే చోటు నుంచి రాదు. ఈఎక్స్‌సీపీ అంటే డివైస్‌కి కమాండ్లు మనమే రాసి పంపడం. బీసామ్, క్యూసామ్ అంటే ఆ కమాండ్లు మన బదులు రాసిపెట్టే యాక్సెస్ మెథడ్లు: బీసామ్‌లో బ్లాకు బ్లాకుగా చదువుతాం, క్యూసామ్‌లో రికార్డు రికార్డుగా.

ముందు క్యూసామ్ సంగతి తేల్చేద్దాం. గెట్, పుట్ రాస్తే చాలు, బ్లాకింగూ బఫర్లూ అదే చూసుకుంటుంది. మామూలు సీక్వెన్షియల్ పనికి బ్లాక్ సైజు సరిగ్గా ఇచ్చి (3390 డిస్క్ మీద సగం ట్రాక్ అంటే 27,998 బైట్లు) ఊరుకోండి.

అసలు పోటీ ఈఎక్స్‌సీపీకీ బీసామ్‌కీ. ఈఎక్స్‌సీపీలో, అంటే ఎస్‌వీసీ 0లో (ఆపరేటింగ్ సిస్టమ్‌ని పిలిచే సూపర్‌వైజర్ కాల్), ఛానల్ ప్రోగ్రాం మీదే, సీసీడబ్ల్యూలు (ఛానల్‌కిచ్చే కమాండ్లు) ఒక్కొక్కటీ మీరే పేర్చుకుంటారు కాబట్టి ఒక్క స్టార్ట్‌తో ట్రాకంతా లాగేయొచ్చు. స్పీడు వచ్చేది అక్కడే, ఐఓల సంఖ్య తగ్గడం వల్ల. మరి బీసామ్‌లో డీసీబీఈకి (ఫైలు వివరాలుండే డీసీబీ అనే కంట్రోల్ బ్లాకుకి పొడిగింపు) మల్ట్‌యాక్ ఆప్షన్ ఇస్తే అదీ రీడ్‌లను పోగేసి గుత్తగా మొదలుపెడుతుంది కదా! (అప్పుడు ఒక్కో రీడ్‌కీ ఉండే డీఈసీబీ కంట్రోల్ బ్లాకు మీద నేరుగా వెయిట్ వేయకండి, చెక్ వాడండి.)

నా లెక్కలో తేల్చేది స్పీడు కాదు, ఎవరి నెత్తిన ఏముంటుందన్నది. ఈఎక్స్‌సీపీలో ఎక్స్‌టెంట్ల (డిస్క్ మీద ఫైలు ముక్కల) లెక్క, టీటీఆర్‌ని (ఫైలు మొదలు నుంచి లెక్కపెట్టిన ట్రాకు, రికార్డు నంబర్లు) సిలిండర్-హెడ్ అడ్రస్‌గా మార్చడం మీ పనే. డిస్క్ మీద రాస్తే క్లోజ్‌కి ముందు డీసీబీలోని డీసీబీఎఫ్‌డ్యాడ్ ఫీల్డులో చివరి బ్లాకు అడ్రస్ ఉండేలా చూడాలి, లేదంటే ఎండ్ ఆఫ్ ఫైల్ ఎక్కడో పడుతుంది. ఇంతా చేశాక స్టోరేజ్ అడ్మిన్ డేటా క్లాస్ (ఫైళ్లకి వర్తించే అమరికలు) మార్చి ఆ ఫైలుని ఎక్స్‌టెండెడ్ ఫార్మాట్ చేశాడనుకోండి, మీ ప్రోగ్రాం పని అయిపోయినట్టే, దాన్ని ఈఎక్స్‌సీపీతో చదవలేరు. పీడీఎస్‌ఈ (మెంబర్లుండే లైబ్రరీ ఫైలు) కూడా అంతే. బీసామ్ ప్రోగ్రాముకి మాత్రం ఆ మార్పు జరిగినట్టే తెలియదు. జెడ్‌హెచ్‌పీఎఫ్ (ఛానల్ ఐఓని వేగంగా నడిపే కొత్త పద్ధతి) కూడా జెడ్‌ఓఎస్ 1.13లో బీసామ్‌కి వచ్చింది, దానికోసం ఎవరూ కోడు తిరగరాయలేదు. మీరు చేత్తో రాసుకున్న సీసీడబ్ల్యూ చైన్ మాత్రం సీసీడబ్ల్యూ చైన్‌గానే ఉండిపోతుంది.

అలాగని ఈఎక్స్‌సీపీకి చోటు లేదనను. టేపుకి వింత కమాండ్లు పంపాలన్నా, ఛానల్-టు-ఛానల్ అడాప్టర్‌తో (రెండు మెయిన్‌ఫ్రేములని కలిపేది) మాట్లాడాలన్నా, యాక్సెస్ మెథడ్ లేని డివైస్ ఏదైనా ఉన్నా అదే గతి. డిస్క్ ఫైళ్లకైతే నా ఓటు బీసామ్‌కే.

ఈఎక్స్‌సీపీ కంటే ఇంకా కిందికి దిగే ఈఎక్స్‌సీపీవీఆర్, స్టార్ట్‌ఐఓ ఆథరైజ్డ్ కోడుకి (సిస్టమ్ ప్రత్యేక అనుమతులున్న కోడు) సంబంధించినవి. అప్లికేషన్ రాసేవాళ్లు వాటి జోలికి వెళ్లక్కర్లేదు.

నేర్చుకోవడానికే అయితే హెర్క్యులిస్ ఎమ్యులేటర్‌లో ఎంవీఎస్ 3.8 (జెడ్‌ఓఎస్‌కి పాత తరం) ఎక్కించి ఈఎక్స్‌సీపీతో ఎంతైనా ఆడుకోండి, అందులో పీడీఎస్‌ఈ గొడవే లేదు. ఈసీబీలో (ఐఓ ముగిసిందని చెప్పే గుర్తు) 7ఎఫ్ వస్తే పని సరిగ్గా అయినట్టు, 41 వస్తే ఐఓబీలోని (మీ ఐఓ రిక్వెస్టు వివరాలుండే బ్లాకు) సెన్స్ బైట్ల దగ్గర్నుంచి వెతకడం మొదలుపెట్టండి.